వానలెక్కకు అడ్డుపడే ఆకు

2024 మే 29న ఢిల్లీ శివారు ముంగేష్‌పూర్‌లోని ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం 52.9 డిగ్రీలు చూపించింది. దేశమంతా గగ్గోలు. తీరా వాతావరణ శాఖ ప్రామాణిక పరికరంతో సరిచూస్తే, సెన్సర్ 3 డిగ్రీలు ఎక్కువ చెబుతోందని తేలింది. ఎక్కువ చెప్పింది కాబట్టి వార్తయింది. తక్కువ చెబితే పట్టించుకునేదెవరు? వర్షమాపకం గరాటులో నాలుగు ఆకులో, పక్షి రెట్టో అడ్డుపడితే నీళ్లు లోపలి బుల్లి బకెట్‌ దాకా చేరవు. కుండపోత కూడా లెక్కలో చినుకే. వాతావరణ ఆధారిత పంటల బీమాలో రైతు పరిహారాన్ని తేల్చేవి ఇలాంటి అంకెలే. స్టేషన్ కొనడానికి దొరికే నిధులు దాన్ని తుడవడానికీ దొరకాలి. పెద్ద ఖర్చేమీ కాదు: బ్రష్షు, మేస్త్రీలు వాడే రసమట్టం, కొలిచి పోసేందుకు సీసాడు నీళ్లు. వీటితో తొలకరికి ముందే, మే నెలలోనే, ప్రతి స్టేషన్‌కూ ఒక మనిషిని పంపాలి.