ఎవరి కొఱకు పట్టణోద్ధరణము?

క్షీణించిన పట్టణము నుద్ధరింపవలెననుట అందఱు నంగీకరించు మాటయే. ఆ యుద్ధరణ మెవరికొఱకని యడిగినచోటనే అభిప్రాయభేదము లారంభమగును. అమెరికా సంయుక్త రాష్ట్రములందు న్యూజెర్సీ తీరముననున్న అట్లాంటిక్ సిటీ గడచిన యర్ధశతాబ్దిలో ననుభవించిన గతి ఈ ప్రశ్నకు తగిన నిదర్శనము. దానిని మన పాఠకులు శ్రద్ధతో పరికింపవలెనని కోరుచున్నాము.

1854లో రైలుమార్గముతో పుట్టిన యీ పట్టణము 1870లో ఇసుకపై చెక్కబాట వేసికొని ప్రసిద్ధ విహారస్థలమయ్యెను. 1930లో దాని జనసంఖ్య 66 వేలు. రెండవ ప్రపంచయుద్ధానంతరము మోటారుకార్లును విమానములును జనులను దూరతీరములకు గొనిపోవ, హోటళ్లు పాడుపడెను. 1964లో డెమొక్రాటిక్ పక్షపు మహాసభకు వచ్చిన విలేఖరులు పట్టణపు దుస్థితిని దేశమంతటను చాటిరి. తుదకు 1976లో రాష్ట్రప్రజలు ఓటుచేసి ఆ యొక్క పట్టణమున జూదశాలల కనుజ్ఞ యొసంగిరి. మఱుసటి యేటి శాసనము జూదశాలను పట్టణ పునర్నిర్మాణమునకు విశిష్ట సాధనమని వర్ణించెను. 1978 మే నెలలో మొదటి శాల తెఱవబడెను.

ధనము రాలేదని యెవ్వరు ననజాలరు. 2006లో జూదశాలల రాబడి 520 కోట్ల డాలర్లు. వేలకొలది జనులకు జీతములు లభించెను. కాని భూముల వెల లాకాశము నంటగా, అద్దెయిండ్ల యజమానులు పలువురు కాపురమున్నవారిని వెడలించి, ఇండ్లు పడగొట్టి, స్థలములను హెచ్చు ధరకై నిలువయుంచిరి. ఇన్‌లెట్ అను పేటలో వీధులకు వీధులే బీళ్లయ్యెను. వచ్చిన యతిథికి భోజనము, నిద్ర, వినోదము జూదశాల లోపలనే సమకూడుటచే, వెలుపలి చిన్న యంగళ్లకు దక్కిన లాభము స్వల్పము.

జూదశాలల రాబడిలో కొంత పట్టణమునకే వినియోగపడునట్లు చేయుటకై 1984లో రాష్ట్రమువా రొక సంస్థను నెలకొల్పిరి. ఆ సంస్థయే తరువాత ట్రంప్ ప్లాజా జూదశాల ప్రక్కనున్న యొక వృద్ధ వితంతువు గృహమును బలవంతముగ దీసికొన యత్నించినది. దేనికొఱకు? ఆ శాలకు వచ్చు ధనికుల కార్లు నిలుపుటకు! 1998లో న్యాయస్థానము ఆ యత్నమును ద్రోసిపుచ్చెను. ఆ జూదశాల 2014లో మూతపడి, 2021 ఫిబ్రవరిలో కూల్చివేయబడెను. ప్రజా ప్రయోజనమన్న పేరిట అడిగిన దానికి పట్టిన గతి యిది.

2014వ సంవత్సరమున పండ్రెండింట నాలుగు శాలలు మూతపడగా, సుమారు 8 వేలమంది పని గోల్పోయిరి. 240 కోట్ల డాలర్ల వ్యయముతో 2012లో తెఱవబడిన రెవెల్ వానిలో నొకటి. దానికి రాష్ట్రము 26 కోట్ల డాలర్ల పన్నుల రాయితీని సైతము వాగ్దానము చేసియుండెను. పన్నుల రాబడి కుంగిపోగా, 2016లో పురపాలనాధికారములను రాష్ట్రమే గైకొనెను. 2020 నాటికి జనసంఖ్య 38 వేలకు దిగెను. అచ్చటి పౌరులు చిరకాలముగ గోరిన పెద్ద కిరాణా విక్రయశాలకు 2021లో శంకుస్థాపనమైనను, ఆ యేర్పాటు చెడిపోయెను. నగరమునకు కోట్లు వచ్చెను. నివాసికి కూరగాయలు కొను తావు దొరకలేదు.

పట్టణము నశించుచుండ చేతులు ముడుచుకొని కూర్చుండవలెనా యని కొందఱు ప్రశ్నింపవచ్చును. అట్లు మే మనుట లేదు. పెట్టుబడి రావలసినదే. కాని నిర్మాణమునకు ధనము చేతికందక మునుపే కాపురములను కూల్చరాదు. కూలిన యింటివానికి అదే పేటలో, అతడు భరింపగల యద్దెకు, మరియొక యిల్లు సిద్ధముకావలెను. ఒక్క వ్యాపారముపైననే పట్టణపు బ్రతుకంతయు నాధారపడరాదు. పొరుగు రాష్ట్రములును జూదశాలలు తెఱచిన దినముననే అట్లాంటిక్ సిటీ ప్రత్యేకత యంతరించెను గదా!

‘ప్రజా ప్రయోజన’మను మాట మనకును క్రొత్తది కాదు. 1894 నాటి భూసేకరణ శాసనము దాని నీడనే భూములు గైకొనెను. 2013 శాసనము సామాజిక ప్రభావమును ముందుగ విచారింపవలెననియు, ప్రైవేటు సంస్థలకొఱకైనచో నూటికి 80 మంది భూస్వాములు సమ్మతింపవలెననియు విధించినది. ఈ నియమములు పనులకు విఘ్నములని విసుగుకొనువారు, ఇన్‌లెట్ పేటలోని బీళ్లను స్మరింతురు గాక. భూమి గలవారు తమ సమ్మతికి విలువ కోరుట న్యాయమే; భూమిలేక అద్దెయింట నున్న బీదవాని నివాసమునకును అట్టి రక్షణమే యుండవలెనని వారు ముందుగ నడుగుట ధర్మము.