రిస్పా కాపలా

సౌలు ఉపపత్ని రిస్పా గురించి మన ప్రసంగ వేదికల మీద వినడం అరుదు. రెండవ సమూయేలు 21వ అధ్యాయం చదివేటప్పుడు చాలామందిమి ఆమెను దాటుకొని ముందుకు వెళ్లిపోతాం. కానీ ఆ అధ్యాయంలో జరిగినదంతా రాజకీయ హింసే. సౌలు తన జనుల కోసమని గిబియోనీయులను చంపించాడు. ఏళ్లు గడిచాక, సౌలు లేని కాలంలో, దానికి బదులుగా అతని వంశంలోని ఏడుగురిని కొండమీద ఉరితీశారు. వారిలో అర్మోని, మెఫీబోషెతు అనే ఇద్దరు రిస్పా కన్నకొడుకులు. పూడ్చడానికి ఎవరూ రాలేదు. ఆమె బండమీద గోనెపట్ట పరచుకొని, యవలకోత మొదలైన నాటినుంచి వానలు పడేదాకా, పగలు పక్షులను, రాత్రి అడవి మృగాలను తోలుతూ ఆ శవాల దగ్గరే కూర్చుంది. సంగతి దావీదు చెవిన పడింది. అప్పుడు గాని రాజు కదలలేదు. సౌలు, యోనాతానుల ఎముకలను యాబేష్గిలాదు నుంచి తెప్పించి, ఉరితీయబడిన వారి ఎముకలను ఏరించి, కుటుంబ సమాధిలో పాతిపెట్టించాడు. దేశం కోసం చేసిన ప్రార్థనను దేవుడు అంగీకరించింది ఆ తర్వాతనే.

ఈ లేఖన భాగాన్ని మళ్లీ తెరవడానికి కారణం మన కళ్లముందు జరుగుతున్న చరిత్రే. 2025 మే 21న ఛత్తీస్‌గఢ్ అబూజ్‌మడ్ అడవుల్లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లా జియ్యన్నపేటకు చెందిన నంబాల కేశవరావు మరికొందరితో పాటు భద్రతాదళాల కాల్పుల్లో మరణించాడు. శవం కోసం కుటుంబం హైకోర్టు మెట్లెక్కింది. శవం ఊరికి రాలేదు, నారాయణపూర్‌లోనే దహనం చేశారు. ఆయన పార్టీ 2010 ఏప్రిల్‌లో దంతేవాడ జిల్లాలో 76 మంది జవాన్లను ఒక్క ఉదయంలో చంపిందన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆ జవాన్లకూ తల్లులున్నారు. 2025 అక్టోబరులో మల్లోజుల వేణుగోపాలరావు గడ్చిరోలిలో లొంగిపోయాడు. నవంబరులో హిడ్మా అల్లూరి జిల్లాలో చనిపోయాడు. 2026 మార్చి 31 లోగా నక్సలిజాన్ని తుడిచిపెడతామని కేంద్రం ముందే గడువు పెట్టింది. సుమారు అర్ధ శతాబ్దపు పోరు ముగింపుకు వచ్చినట్టే కనబడింది. ముగిసిన పోరులో గెలిచినవారి లెక్క త్వరగానే తేలుతుంది. చచ్చిపోయినవారి లెక్క ఎవరు రాస్తారన్నదే మన ప్రశ్న.

మా నాగిరెడ్డిపేట మెదక్ నుంచి ఎల్లారెడ్డి వెళ్లే దారిలో ఉంది. ఆదివారం ఆరాధనకు వచ్చే పెద్దవాళ్లకు ఎనభయ్యో దశకం, తొంభయ్యో దశకం బాగా గుర్తు. ఈ తట్టు ఊళ్లలో రాత్రి తలుపు తట్టింది అన్నలా, పోలీసులా అని గొంతును బట్టి పోల్చుకొనే రోజులవి. అన్నం పెడితే ఒకరికి నేరం, పెట్టకపోతే మరొకరికి నేరం. అలాంటి చోట దుఃఖం కూడా పక్షాలుగా చీలిపోతుంది. ఎన్‌కౌంటర్‌లో పోయిన అబ్బాయి తల్లి, ఇన్‌ఫార్మర్ అన్న ముద్రతో పోయిన మనిషి భార్య ఒకే బోరింగు దగ్గర నీళ్లు పట్టుకుంటారు. ఒకరి పేరు మరొకరి దగ్గర ఎత్తరు.

పక్షానికో లెక్క ఉంది. పోలీసు శాఖ ప్రతి ఏటా అక్టోబరు 21న అమరుల దినం జరిపి విధి నిర్వహణలో పోయినవారి పేర్లు చదువుతుంది. అది న్యాయమే. మావోయిస్టులు జూలై 28 నుంచి వారం పాటు తమ అమరుల వారోత్సవాలు జరిపేవారు, ఊళ్లలో స్తూపాలు కట్టేవారు. ఈ రెండు జాబితాల్లోనూ లేనివారి మాటేమిటి? ఇన్‌ఫార్మర్ అన్న అనుమానంతో గొంతు కోయించుకున్న పాలేరు, అన్నం పెట్టాడని తీసుకుపోయిన రైతు, 1990 అక్టోబరులో చర్లపల్లి దగ్గర నక్సలైట్లు తగలబెట్టిన కాకతీయ ప్యాసింజరులో కాలిపోయిన నలభై మందికి పైగా ప్రయాణికులు, వీరి పేర్లు ఏ సభలో చదువుతారు? 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద జరిగిన కాల్పుల్లో పోయినవారు 13 మంది అని ప్రభుత్వం చెప్పింది, హక్కుల సంఘాలు అరవై దాకా అన్నాయి. ఈ రెండు అంకెల మధ్య ఉన్నది మనుషులు. పేరు రాసిపెట్టకపోతే మనిషి ఇలా అంకెల తగాదాలో పడి మాయమైపోతాడు.

రాసేవారు లేక కాదు. మన పొరుగున ఉమ్మడి మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో 1975 జూలైలో, అంటే ఎమర్జెన్సీ రోజుల్లో, నలుగురు యువకులు ఎన్‌కౌంటర్‌లో చనిపోయారని పోలీసులు ప్రకటించారు. 1977లో జయప్రకాశ్ నారాయణ్ చొరవతో ఏర్పడిన తార్కుండే కమిటీ ఊళ్లు తిరిగి, సాక్షులతో మాట్లాడి, అది ఎదురుకాల్పులు కాదని, పట్టుకొని చంపారని తేల్చింది. కమిటీ కోసం పనిచేసిన న్యాయవాది కె.జి.కన్నబిరాన్. ఆ తర్వాత జస్టిస్ భార్గవ కమిషన్ వేశారు. సాక్ష్యాలు బయటకు రాసాగాక విచారణను మూసిన తలుపుల వెనక జరపాలన్నారు. అంతటితో అది సాగలేదు. వెలుగులోకి వస్తానన్న సాక్షిని చీకటి గదిలోకి రమ్మంటే ఎవరు వస్తారు?

రాసినందుకు ప్రాణాలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. పౌరహక్కుల సంఘం ఉపాధ్యక్షుడు, పిల్లల డాక్టరు ఎ.రామనాథంను 1985 సెప్టెంబరు 3న వరంగల్‌లో ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. అదే సంఘంలోని న్యాయవాది నర్రా ప్రభాకరరెడ్డిని 1991లో, టి.పురుషోత్తంను 2000లో, ఆజం అలీని 2001లో చంపారు. దక్షిణాఫ్రికాలోనూ ఇదే తంతు. 1982 డిసెంబరు 9న వర్ణవివక్ష ప్రభుత్వ సైన్యం పక్క దేశమైన లెసోతోలోకి చొరబడి రాజధాని మసేరులో 42 మందిని చంపింది. వారి వివరాలను సేకరించి పుస్తకంగా తెచ్చింది భారత సంతతి న్యాయవాది ఫిలిస్ నాయుడు. ఆమె కూడా 1979లో పార్సిల్ బాంబుకు గాయపడినామే.

తెలుగునాట ఈ పనిని ఒక మెట్టు పైకి తీసుకువెళ్లినవారు కె.బాలగోపాల్, ఎస్.ఆర్.శంకరన్. రాజ్యం చేసే హత్యలను ప్రశ్నించినట్టే నక్సలైట్లు చేసే హత్యలను కూడా ప్రశ్నించాలని బాలగోపాల్ పట్టుబట్టి, 1998లో మానవ హక్కుల వేదిక పెట్టారు. విశ్రాంత ఐఏఎస్ అధికారి శంకరన్ నాయకత్వంలో 1997లో ఏర్పడిన పౌర స్పందన వేదిక రెండు వైపుల హింసనూ ఒకే కాగితం మీద పెట్టింది. శంకరన్‌ను 1987లో నక్సలైట్లే అపహరించారని గుర్తుంచుకుంటే ఆ సమదృష్టి విలువ తెలుస్తుంది. వీరెవరూ మన సంఘాల వారు కారు. మన పని వారు చేశారని మాత్రం చెప్పక తప్పదు.

ఎందుకంటే పేర్లు రాయడం మొదటినుంచీ లేఖనాల పని. నాబోతు ద్రాక్షతోట సంగతి రాజులకు తలవంపు అయినా గ్రంథంలో ఉండిపోయింది. మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో యేసు వంశావళి చూడండి. సొలొమోను తల్లిని చెప్పవలసిన చోట ఆమె పేరు రాయకుండా, దావీదు చంపించిన ఊరియా పేరు రాశాడు మత్తయి. క్రీస్తు వంశవృక్షంలోనే హతుని పేరు మిగిలింది. దావీదు క్షమాపణ పొందాడు. ఆ క్షమాపణ ఊరియా పేరును చెరిపివేయలేదు.

మనవాళ్లు కొందరు ఇక్కడే తడబడతారు. పాత గాయాలు రేపడమెందుకు, క్షమించి మరచిపోవడమే క్రైస్తవం కదా అంటారు. క్షమించమని లేఖనం చెబుతుంది. చెరిపేయమని ఎక్కడా చెప్పలేదు. పైగా ఏమి జరిగిందో, ఎవరు చేశారో తెలియని తల్లి దేనిని క్షమించాలి? ఆర్చిబిషప్ డెస్మండ్ టుటు అధ్యక్షతన 1996లో మొదలైన దక్షిణాఫ్రికా సత్య, సయోధ్య కమిషన్ పేరులోనే సత్యం ముందుంది. 21 వేలకు పైగా బాధితుల వాఙ్మూలాలు తీసుకున్నారు. నివేదికలో ఏడవ సంపుటాన్ని బాధితుల పేర్ల కోసమే కేటాయించారు. విముక్తి పోరాటం చేసిన ఏఎన్‌సీ పార్టీ తప్పులూ అందులో రాశారు. నివేదికను ఆపాలని ఆ పార్టీ కోర్టుకు వెళ్లినా 1998లో అది వెలువడింది. 1997 నవంబరులో సంఘాలను కూడా పిలిచి విచారించారు. వర్ణవివక్షకు వాక్యాధారాలు వెదికిపెట్టిన డచ్ రిఫార్మ్‌డ్ సంఘం కూడా ఆ బల్ల ముందు నిలబడింది.

ఆ దేశంలో న్యాయం పూర్తిగా జరిగిందని అనలేం. క్షమాభిక్ష పొందనివారిలో కూడా శిక్షపడినవారు కొద్దిమందే. అయినా రాసి ఉంచినది వృథా పోలేదు. నోబెల్ శాంతి బహుమతి గ్రహీత, వాక్యోపదేశకుడు ఆల్బర్ట్ లుతులి 1967లో రైలు తగిలి చనిపోయాడని అప్పటి ప్రభుత్వం తేల్చింది. 2025 అక్టోబరులో కోర్టు ఆ మాట కొట్టివేసి, ఆయనను కొట్టి చంపారని నిర్ధారించింది. 58 ఏళ్లు పట్టింది.

మన తల్లులకు 58 ఏళ్లు లేవు. 1990లో కొడుకును పోగొట్టుకున్నామెకు ఈ రోజు ఎనభై దాటి ఉంటాయి. ఊళ్లో ఆమె తలుపు తట్టినా భయపడని మనిషి పాస్టరు. మన సంఘాల్లో సమాధి రిజిస్టరు ఉండనే ఉంది, పేరు, తండ్రి పేరు, వయసు, తేదీ, మరణ కారణం అని గళ్లు గీసి. మరో పుస్తకం తెరవడానికి పెద్ద ఖర్చు లేదు. సంఘంలో ఉన్నారా, బయటివారా అని చూడనక్కరలేదు. రాజ్యం చంపిందా, పార్టీ చంపిందా అన్నదాన్ని బట్టి పేజీ మార్చనక్కరలేదు. ఇంటివారి ఇష్టం లేకుండా ఒక్క అక్షరం రాయకూడదు, చంపినవారి పేరు వారు చెప్పనంటే ఆ గడి వదిలేయాలి. ఎప్పుడు తీసుకుపోయారు, శవం ఇచ్చారా, ఎక్కడ పూడ్చారు, ఇంట్లో ఏమని పిలిచేవారు. రాసింది ఆమెకు చదివి వినిపించి, ఒక నకలు ఆమె చేతికివ్వాలి.