గెలుపు రైల్వేది, లీగ్ ఎవరిది?

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఆడపిల్ల వయసుకు మించి పొడవు పెరుగుతుంటే పెళ్లి సంబంధం గురించి బెంగపడక్కర్లేదు. చేతికి బాస్కెట్‌బాల్ ఇస్తే సరి, స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం రావచ్చు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో పట్టాలతోపాటు ఎదిగిన ఈ ఊళ్లో ఉద్యోగం విలువ ఎవరికీ చెప్పాల్సిన పనిలేదు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి తరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకైతే అసలే అక్కర్లేదు.

2003లో ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడి, బిలాస్‌పూర్ దాని కేంద్రమైంది. అప్పటిదాకా కోల్‌కతా వైపు చూసిన క్రీడాకారులకు జోన్ కార్యాలయం ఇంటి ముంగిటకే వచ్చింది. పక్కనే భిలాయ్‌లో కోచ్ రాజేశ్ పటేల్ అమ్మాయిలను తీర్చిదిద్దుతుండేవారు. 2018లో కన్నుమూసేదాకా ఆయనకు అదే లోకం. కాన్పూరు నుంచి వచ్చిన, దాదాపు ఏడడుగుల పొడవున్న పూనమ్ చతుర్వేది ఆయన దగ్గరే రాటుదేలారు. మొదట ఛత్తీస్‌గఢ్‌కు, తర్వాత రైల్వేకు ఆడారు. ఇక్కడ ప్రతిభ సాగే దారి అదే. రాష్ట్రం తయారుచేస్తుంది, రైల్వే జీతమిస్తుంది.

2022 ఏప్రిల్‌లో చెన్నైలో జరిగిన జాతీయ సీనియర్ చాంపియన్‌షిప్ చూడండి. మహిళల ఫైనల్లో రైల్వే జట్టు తెలంగాణను భారీ తేడాతో ఓడించింది. అదే ఏడాది అక్టోబర్‌లో, భారత బాస్కెట్‌బాల్ సమాఖ్య గుర్తింపుతో ఇండియన్ నేషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ తొలి సీజన్ కొచ్చిలో మొదలైంది. బెంగళూరు, చండీగఢ్, చెన్నై, ఢిల్లీ, కొచ్చి, ముంబై పేర్లతో ఆరు జట్లు. విదేశీ ఆటగాళ్లు కూడా దిగారు. 2023 జనవరిలో చెన్నై హీట్ విజేతగా నిలిచింది. ఇన్ని జట్లలో మహిళల జట్టు ఒక్కటీ లేదు. దేశంలో మొదటి స్థానంలో నిలిచిన అమ్మాయిలు, రెండో స్థానంలో నిలిచిన అమ్మాయిలు కూడా ఆ సీజన్‌ను ప్రేక్షకులుగానే చూడాల్సి వచ్చింది. ముగ్గురేసి ఆడే పోటీల్లో చోటు దొరికినా అది ఐదుగురి ఆటకు సాటి రాదు.

చూసేవాళ్లుండరని నిర్వాహకులు అనొచ్చు. మహిళల క్రికెట్ గురించీ ఒకప్పుడు ఇదే మాట అన్నారు. 2023లో మహిళల ప్రీమియర్ లీగ్‌లోని ఐదు జట్ల హక్కులు సుమారు 4,670 కోట్ల రూపాయలు పలికాయి. మిథాలీ రాజ్ లాంటి వాళ్లను జీతమిచ్చి ఇన్నేళ్లూ కాపాడింది కూడా రైల్వేనే. ప్రేక్షకులు ముందే వచ్చి కూర్చోరు. ఆట చూపిస్తే వస్తారు. అమెరికాలోనూ పురుషుల లీగ్ పుట్టిన యాభై ఏళ్లకు గానీ మహిళల లీగ్ రాలేదు. 1997లో ఆట మొదలయ్యాక కూడా జీతాలు చాలక చాలామంది విరామంలో విదేశాలకు వెళ్లి ఆడారు.

అలాగని ఉద్యోగం వదిలేసి లీగ్‌ను నమ్ముకోమని ఏ తల్లిదండ్రులూ చెప్పరు. 2015లో హైదరాబాద్ స్కై వంటి జట్లతో ఆర్భాటంగా వచ్చిన యూబీఏ లీగ్ 2017 తర్వాత కనిపించలేదు. అంతకుముందు 2010లో సమాఖ్య, ఐఎంజీ-రిలయన్స్ కలిసి 30 ఏళ్ల ఒప్పందం చేసుకున్నాయి. దాని నుంచి ప్రొఫెషనల్ లీగ్ పుట్టనే లేదు. ప్రైవేటు లీగ్‌కు రేపు ఉంటుందన్న భరోసా లేదు. రైల్వే ఉద్యోగం అరవయ్యో ఏడు దాకా ఉంటుంది.

కాబట్టి రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకోమనడం అన్యాయం. ప్రభుత్వ ఉద్యోగి డబ్బు తీసుకుని బయట ఆడాలంటే అనుమతి తప్పనిసరి. మహిళల లీగ్ వస్తే ఆ రెండు మూడు నెలలకు రైల్వే ముందుగానే సెలవు ఖాయం చేయాలి. సమాఖ్య కూడా పురుషుల జట్టు కొన్న ప్రతి యజమానీ మహిళల జట్టునూ నడపాలన్న షరతు పెట్టాలి. ఇందులో కొత్త స్టేడియం కట్టాల్సిన పనిలేదు, కొత్తగా క్రీడాకారిణులను వెతకాల్సిన పనీ లేదు.

కాలనీలో పొడవు పెరుగుతున్న అమ్మాయికి ఉద్యోగం దొరికే దారి తెలుసు. ఆ ఉద్యోగం వచ్చాక ఆడటానికి ఒక సీజన్ కూడా ఉండాలి.