ఇనుము నిలిచినది, సాక్ష్యము నిలుచునా?

వానకై యాకాశము వంక చూచుటయే గాని సముద్రము వంక చూచుట యెఱుగని జిల్లా మాది. సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్ల వర్షమైనను నమ్మకముగా కురియని యనంతపురమునకును, విశాఖపట్టణపు టొడ్డున నిలిపిన జలాంతర్గామికిని సంబంధమేమని పాఠకు లడుగవచ్చును. సంబంధము గలదనియే మా వాదము.

కుర్సురా యను నా నౌక సోవియట్ దేశమున నిర్మింపబడి 1969 డిసెంబరు 18వ తేదీన మన నౌకాదళమున చేరినది. 1971 యుద్ధకాలమున నరేబియా సముద్రమున గస్తీ తిరిగినది. ముప్పదియొక్క సంవత్సరములు సేవచేసి, 73,500 నాటికల్ మైళ్లు పయనించి, 2001 ఫిబ్రవరి 27వ తేదీన విశ్రాంతి నొందినది. పిమ్మట 91 మీటర్ల యా నౌకను రామకృష్ణా బీచి యొడ్డునకు చేర్చి, 2002 ఆగస్టులో ప్రజల దర్శనమునకు తెరచిరి.

దీనిని గూర్చి రెండు తెగలవారు మాటలాడుచున్నారు. "పాత యినుమునకు ప్రజాధనముతో రంగులు పూయుటయేల? ఆ ధనముతో మా చెరువుల పూడిక తీయరాదా?" యని మొదటివారు. వీరు మా వైపువారే. "టిక్కెట్లమ్ముడుపోవుచున్నవి, వినోదమునకు వినోదము, ఆదాయమునకు నాదాయము" అని రెండవవారు. చూడగా నిరువురిదియు నొక్కటే త్రాసు. అందు తూగునది రూపాయి మాత్రమే.

మొదటివారి కొక్క ప్రశ్న. 1997లో విరమించిన విక్రాంతు బొంబాయిలో కొన్నియేండ్లు ప్రదర్శనశాలగా నుండి 2012లో మూతపడినది. దానిని కాపాడుడని కోర్టు కెక్కినవారి మొఱ 2014లో సుప్రీముకోర్టునందు గూడ నిష్ఫలమైనది. ఆ యేడే నౌకను విఱుగగొట్టుట మొదలిడిరి. విక్రాంతు తుక్కయ్యెను, దానివలన నే చెరువు నిండినది? చెరువుల బాకీ పాలకుల నెత్తిన నున్న మాట నిజమే. ఆ బాకీకి జ్ఞాపకములను జప్తుచేయుట న్యాయము కాదు.

రెండవవారికి మా యుత్తర మింకను గట్టిది. ఆ యినుపగొట్టములో డెబ్బదిమందికి పైగా మనుష్యులు వారములకొలది బ్రదికిరి. టార్పెడోల ప్రక్కనే పండుకొనిరి. డీజిలు కంపును, యంత్రముల వేడిని భరించిరి. మంచినీరు కొలిచి వాడుకొనిరి. నలుదెసల సముద్రము, స్నానమునకు నీరు కఱవు! బిందెడు నీటికై క్రోసెడు దూరము నడచిన మా పల్లెతల్లి కీ మాట యర్థమగునంతగా మఱెవ్వరి కర్థమగును? ఇది వినోదమా? 1971 డిసెంబరు మొదట విశాఖ కెదుట మునిగిన పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ తన నావికులతో గూడ నేటికిని సముద్రగర్భముననే యున్నది. ఒడ్డున నొక నౌక దర్శనీయస్థలము. అడుగున నొక నౌక సమాధి. ఈ రెంటికి నడుమ నున్నది భాగ్యము మాత్రమే. ఈ సంగతి తెలియక ఫొటో దీయించుకొని దిగివచ్చిన బాలుడు చూచినది జలాంతర్గామిని గాదు, పెద్ద బొమ్మను.

ఇక మా కోరిక. కుర్సురాలో చూపరులకు విషయములు చెప్పుటకు నౌకాదళమున పనిచేసి విరమించినవారిని నియమించిరి. అది మెచ్చదగిన పని. కాని యా తరగతి నౌకలలో కడపటిదైన వాగ్లీ 2010లో సేవ చాలించినది. ఆ నౌకలలో మునిగి తేలినవారు క్రొత్తగా పుట్టరు, ఉన్నవారు వృద్ధులగుచున్నారు. మేము వకీళ్లము, మా వృత్తి నేర్పిన దొక్కటి గలదు. సాక్షి జీవించియుండగనే వాఙ్మూలము గైకొనవలెను. సాక్షి పోయిన పిదప బల్లపై మిగిలిన వస్తువు తనంతట తాను నోరు విప్పదు.

కావున టిక్కెట్టు రొక్కములో మొదటి భాగము రంగులకు గాక యా నావికుల మాటలకు వెచ్చింపవలెను. వారి యనుభవములను తెలుగున వ్రాయించి, వారి కంఠస్వరముతోనే పదిలపఱచి, సముద్రము నెఱుగని మా జిల్లా పాఠశాలలకు గూడ పంపవలెను. త్రుప్పు పట్టిన యినుమును మరల గీకి రంగు పూయవచ్చును. అస్తమించిన జ్ఞాపకమునకు మరమ్మతు లేదు. అధికారులు వాయిదా కోరకుందురు గాక!