బంతికి పిలిచి డబ్బా తెచ్చుకోమంటే ఎలా?

వేసవి వచ్చిందంటే ఇక్కడ అమెరికాలో కాలనీ బార్బెక్యూల ప్లాన్లు మొదలవుతాయి. వాటితో పాటే ఒక మాటా వస్తుంది. "ఆ కోషర్ వాళ్ళ ప్లేటు ఖరీదు మనం భరించలేం, వాళ్ళ డబ్బా వాళ్ళనే తెచ్చుకోమందాం." ఈ మాట మన తెలుగు ఆడవాళ్ళ నోట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా వినండి.

కోషర్ అంటే పంది మాంసం తినకపోవడమే కదా అనుకుంటారు చాలామంది. అంతే అయితే గొడవే లేదు. యూదుల నియమం ప్రకారం కోడైనా మేకైనా శిక్షణ పొందిన మనిషి పద్ధతిగా కొయ్యాలి. మాంసాన్ని నానబెట్టి, ఉప్పు రాసి, రక్తం పోగొట్టాలి. మాంసమూ పాలూ కలవకూడదు. కలిపి తినకపోవడం ఒక్కటే కాదు, గిన్నెలు, గరిటెలు కూడా వేరే ఉండాలి. మామూలు మాంసం కాల్చిన గ్రిల్లు మీద వాళ్ళది పెట్టకూడదు. లెట్యూస్ లాంటి ఆకులు పురుగుల్లేకుండా ఒక్కొక్కటే చూడాలి. ఇదంతా సరిగ్గా జరుగుతోందని చూడ్డానికి క్యాటరర్ దగ్గర మష్గియహ్ అనే పర్యవేక్షకుడు ఉంటాడు. పొయ్యి వెలిగించడం కూడా చాలాసార్లు అతని పనే. ఆ మనిషి జీతం, ఆ మాంసం ధర, ఆ వేరే సామాను, అన్నీ కలిస్తేనే ఆ ప్లేటు.

ఇది వినగానే "అబ్బో, మన మడి కన్నా ఘోరం" అని నవ్వుతారు. నవ్వేవాళ్ళని ఒకటి అడుగుతాను. మెక్సికన్ హోటల్లో బీన్స్‌లో పంది కొవ్వు వేశారా అని మూడుసార్లు అడిగేది ఎవరండీ? విమానం టికెట్ కొన్న మర్నాడే శాకాహార భోజనం రాసుకున్నారా అని ఫోను చేసేది ఎవరు? వెజ్ బర్గర్‌ని మాంసం తిప్పిన అట్లకాడతో తిప్పితే పక్కన పెట్టేసేది ఎవరు? మన పట్టింపు ఆచారం, పక్కింటివాళ్ళది చాదస్తమా?

పైగా మడికీ దీనికీ పెద్ద తేడా ఉంది. మన దగ్గర మడి పేరు చెప్పి మనుషుల్నే దూరం పెట్టిన రోజులున్నాయి. కోషర్‌లో ఎవరు వండాలి, నిప్పు ఎవరు వెలిగించాలి అన్న నియమాలు ఉన్నాయి, నిజమే. కానీ ఎవరు తినాలి అన్న నియమం లేదు. ఆ గ్రిల్లు మీద కాలిన చికెన్ మీరూ తినచ్చు, నేనూ తినచ్చు. నా వాదనంతా ఇక్కడే ఉంది.

ఇప్పుడు డబ్బు సంగతి. క్యాటరర్‌కి ఫోను చేసి "ప్లేటు ఎంత?" అని అడగడం మనకి అలవాటు. ఆ ప్రశ్నే మనల్ని తప్పుదోవ పట్టిస్తోంది. పర్యవేక్షకుడి రుసుము, బండి, గ్రిల్లు తెచ్చి పెట్టే ఖర్చు పదిమంది తిన్నా అరవైమంది తిన్నా దాదాపు ఒకటే. లెక్క చూపడానికి ఊరికే కొన్ని అంకెలు వేస్తాను, మీ ఊళ్ళో రేట్లు మీరు కనుక్కోండి. ఆ స్థిరమైన ఖర్చు 600 డాలర్లు, తిండి ఖర్చు తలకి 25 అనుకుందాం. మామూలు క్యాటరర్ తలకి 22 అడుగుతాడనుకుందాం. మొత్తం 60 మంది, అందులో కోషర్ వాళ్ళు 10 మంది. వాళ్ళ పదిమందికే విడిగా తెప్పిస్తే 850, మిగతా 50 మందికి 1,100, వెరసి 1,950. అందరికీ కోషరే పెట్టిస్తే 2,100. తేడా 150 డాలర్లు, అంటే తలకి రెండున్నర! విడిగా తెప్పిస్తే ఒక్కో కోషర్ ప్లేటు 85 డాలర్లు పడి మన గుండె ఆగుతుంది. అందరికీ ఒకే వంట అయితే అదే ప్లేటు 35కి దిగుతుంది. ఖరీదు కోషర్‌లో ఎంతుందో, వేరు చెయ్యడంలోనూ అంతుంది.

ఇంకా తగ్గించుకోవచ్చు. బీఫ్ మానేసి చికెన్ పెట్టండి. ఆవు మాంసం ముట్టని మనవాళ్ళకీ ఇబ్బంది ఉండదు. ఆకుల సలాడ్ బదులు మొక్కజొన్న పొత్తులు, పుచ్చకాయ చాలు. బేరం ఆడేముందు మాత్రం ఎంతమందికి తక్కువైతే రామంటారు, పర్యవేక్షకుడి డబ్బు రేటులో కలిసే ఉందా, ప్రయాణం, టాక్సు, టిప్పు విడిగానా, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. పెళ్ళిళ్ళ వంటవాళ్ళతో వేగినవాళ్ళం, మనకి ఇది కొత్త కాదు.

తేదీ దగ్గరే అందరూ బోల్తా పడతారు. శుక్రవారం పొద్దు గుంకినప్పటి నుంచి శనివారం చీకటి పడేదాకా వాళ్ళు నిప్పు వెలిగించరు. కాబట్టి శనివారం మధ్యాహ్నం బార్బెక్యూ పెట్టి "పిలిచాం, వాళ్ళే రాలేదు" అనకండి. ఆదివారం పెట్టండి. జులై, ఆగస్టుల్లో వాళ్ళ ఆవ్ నెల మొదటి తొమ్మిది రోజులు వస్తాయి. అప్పుడు సబ్బాతు నాడు తప్ప మాంసం తినరు, మనవాళ్ళు కొందరు కార్తీకంలో మానేసినట్టే. క్యాలెండర్ ఒక్కసారి చూసుకుంటే అయిపోతుంది.

శాకాహారులకి ఒక హెచ్చరిక. కోషర్ అంటే శాకాహారం కాదు. ప్యాకెట్ మీద "పార్వె" అని ఉంటే మాంసమూ పాలూ లేవని అర్థం, అంతే. గుడ్డు, చేప ఉండచ్చు. కూరగాయలు కూడా మాంసం గ్రిల్లు మీదే కాలుస్తారు, వాళ్ళకి అది తప్పు కాదు. మీకు వేరే గ్రిల్లు కావాలంటే ముందే చెప్పాలి. నోరు తెరిచి అడగండి, పెడతారు.

ఇక అసలు అలకలు పెరుగు దగ్గర. కోషర్ క్యాటరర్ బయటి వంటల్ని తన బల్ల మీదకి రానివ్వడు. చికెన్ కూడా వాళ్ళ లెక్కలో మాంసమే కాబట్టి చీజూ, పాల ఐస్‌క్రీమూ ఉండవు. "నా పెరుగు వడలకి ఏం రోగం?" అని మా గ్రూపులో ఒకావిడ వారం రోజులు మాట్లాడలేదు. రోగమేమీ లేదమ్మా, ఒక్క పూట పెరుగు లేకపోతే మనం చచ్చిపోము.

"ఇంట్లోంచి తెచ్చుకుంటే వాళ్ళకీ సుఖం" అనేవాళ్ళున్నారు. ఎవరికి సుఖం? ఆ ఇంట్లోనూ మనలాంటి ఆడదే ఉంది. మనమంతా చేతులు దులుపుకుని గొడుగుల కింద కబుర్లు చెప్పుకుంటుంటే, ఆవిడ పొద్దున్నే లేచి అయిదుగురికి వండి, రేకు కాగితాల్లో చుట్టి తీసుకురావాలి. పోయిన వేసవిలో చూశాను, పిల్లలు చెట్టు కింద చల్లారిన డబ్బా విప్పుకుని గ్రిల్లు వైపే చూస్తున్నారు. చందా మాత్రం ఆ ఇంటి దగ్గరా అందరితో సమానంగా తీసుకున్నాం! మనం మిగిలిందనుకున్న డబ్బు ఆవిడ జేబులోంచీ, ఆవిడ నిద్రలోంచీ వచ్చింది. ఇంటి చాకిరీకి విలువ లేదని మొగుళ్ళ మీద పేజీలు పేజీలు రాసుకునే మనం, పక్కింటావిడ చాకిరీని ఉచితం కింద ఎలా రాసుకున్నాం?

మన పెద్దవాళ్ళు పంక్తిభేదం మహాపాపం అనేవారు. ఒకే బంతిలో ఒకరికి నెయ్యి వేసి ఒకరికి మానేస్తే లేచి వెళ్ళిపోయేవారట. ఇక్కడ మనం విస్తరే వెయ్యడం లేదు.

ఈసారి గ్రూపులో ఓటింగు పెట్టేముందు ముగ్గురు కోషర్ క్యాటరర్ల దగ్గర అరవైమందికీ కలిపి మొత్తం ఎంతో కనుక్కుని, ఆ అంకె పెట్టి అడగండి, ప్లేటు రేటు కాదు. పెరుగు వడలావిడకి నేను వేరే చెప్పుకుంటాను. బార్బెక్యూ అయిన మర్నాడు సాయంత్రం మా ఇంటికి పట్టుకొస్తే చాలు, ఒక్కటి మిగల్చం.