అవిభక్త దేహము, విభక్త జీవులు: తల్లిదండ్రుల ధర్మసంకటము

‘అవిభక్తము’ అనే పదం వేదాంత జిజ్ఞాసువులకు సుపరిచితమే. విభక్తములై కనిపించే సమస్త భూతములయందు అవిభక్తమైన ఏకతత్త్వాన్ని దర్శించడమే సాత్త్విక జ్ఞానమని భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయం బోధిస్తుంది. ఇదే పదాన్ని వైద్యులు, పత్రికలు మరొక అర్థంలో వాడుతున్నారు. దేహాలు కలిసి జన్మించిన శిశువులను ‘అవిభక్త కవలలు’ అంటారు. గీతలో చెప్పినది అనేక దేహములయందు ఒకే తత్త్వం. ఇక్కడ కనిపించేది ఒకటిగా కలిసిన దేహంలో ఇద్దరు జీవులు. ఆ ఇద్దరినీ కన్న తల్లిదండ్రులకు కలిగే ప్రశ్న మాత్రం శాస్త్రచర్చలో పుట్టినది కాదు, ప్రసూతి గదిలో పుట్టినది. విడదీయవలెనా, వద్దా? విడదీస్తే ఎవరి ప్రాణాన్ని పణంగా పెట్టి?

ఇట్టి జననం అత్యంత అరుదు. సుమారు 50 వేల నుంచి 2 లక్షల జననాలలో ఒకటి మాత్రమే ఇలా సంభవిస్తుందని వైద్యుల అంచనా. ఒకే పిండం రెండుగా విడివడే క్రియ సకాలంలో పూర్తికాకపోవడమే దీనికి కారణమని ప్రధానంగా భావిస్తారు. వీరిలోనూ శిరస్సులు కలిసి పుట్టేవారు నూటికి ఇద్దరు నుంచి ఆరుగురు మాత్రమే. తెలుగువారికి ఈ విషయం వీణా–వాణి అనే జంట నామం ద్వారా తెలిసింది. 2003 అక్టోబరులో, నేటి మహబూబాబాద్ జిల్లాకు చెందిన ఒక నిరుపేద కుటుంబంలో శిరస్సులు కలిసి జన్మించిన ఆ బాలికలు మొదట గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో, 2006 నుంచి హైదరాబాదు నిలోఫర్ ఆసుపత్రిలో పెరిగారు. వారిని పరీక్షించిన నిపుణులలో లండన్ గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రి వైద్యులు కూడా ఉన్నారు. దశలవారీగా విడదీయవచ్చునని కొందరు, ప్రాణాపాయం తప్పదని మరికొందరు అభిప్రాయపడ్డారు. శస్త్రచికిత్స జరగలేదు. 2017లో వారు యూసుఫ్‌గూడలోని ప్రభుత్వ సంరక్షణకు మారారు. 2020లో పదవ తరగతి, 2022లో ఇంటర్మీడియట్ ఉత్తీర్ణులయ్యారు. చార్టర్డ్ అకౌంటెంట్లు కావాలన్నది తమ కోరిక అని చెప్పారు.

ఈ చరిత్రను చూచి లోకం రెండు విధాలుగా మాట్లాడుతుంది. ఒకటి, ఇది పూర్వజన్మ పాపఫలమనే మాట. రెండవది, ఇది దైవాంశ అని దండలు వేసి, నాణేలు విసిరే ఆరాధన. ఈ రెండూ పైకి విరుద్ధంగా తోచినా ఒకే దోషానికి రెండు ముఖాలు. రెండింటిలోనూ ఆ శిశువులు ఇద్దరు మనుష్యులనే సత్యం మరుగున పడుతుంది.

కర్మసిద్ధాంతం స్వకర్మను పరిశీలించుకోవడానికి సాధకునికి ఇచ్చిన దీపమే కాని, పరుల దుఃఖానికి తీర్పు చెప్పే దండం కాదు. కర్మగతి గహనమని గీతాచార్యుడే చెప్పినప్పుడు, పురిటి మంచం మీద ఉన్న తల్లి ముందు నిలిచి ఆ గతిని తాము ఎరుగుదుమని పలకడం ఆస్తిక్యం కాదు, అహంకారం. పైగా ఎదుటివాని కష్టం అతని ప్రారబ్ధమైతే, ఆ కష్టం ఎదుట చూపరి హృదయం కరుగుతుందా లేదా అన్నది ఆ చూపరి ఆగామి కర్మ. ఈ రెండవ భాగాన్ని విస్మరించి మొదటి భాగాన్నే వల్లించడం సిద్ధాంతాన్ని సగానికి కోసివేయడమే.

ఇక ఆరాధన సంగతి. విశాఖపట్నంలో గోపాలపట్నం మీదుగా సింహాచలం కొండకు చేరే భక్తులు దర్శించేది వరాహ, నృసింహ అవతారాలు రెండూ ఒకే విగ్రహంలో కలిసిన స్వామిని. రెండు రూపములు ఒకే మూర్తియందు నిలవడం ఆ ప్రాంతపు భక్తునికి వింత కాదు, నిత్యసేవ. అయితే ఆ మూర్తి స్వేచ్ఛాస్వీకృతం. శిశుదేహం అట్టిది కాదు. దేవుని రూపానికి ఆకలి లేదు, లజ్జ లేదు, నిద్రాభంగం లేదు. శిశువుకు ఇవన్నీ ఉన్నాయి. కనుక స్వామి ఎదుట నేర్చిన నమస్కారం ఆ శిశువుల విషయంలో కుతూహలంగా కాక గౌరవంగా పరిణమించవలెను. ఆ స్వామి నిజరూపం సంవత్సరానికి ఒక్క అక్షయ తృతీయ నాడే దర్శనమిస్తుంది, తక్కిన కాలమంతా చందనం కప్పి ఉంటుంది. దైవానికే అంత మర్యాద పాటించే సమాజం, ఇద్దరు బాలికలను ఏడాది పొడవునా కెమెరాల ఎదుట నిలపడం న్యాయమా?

ఇప్పుడు అసలు సంకటం. 2000 సంవత్సరంలో మాంచెస్టరులో ఇద్దరు ఆడశిశువులు కలిసి జన్మించారు. న్యాయస్థానం వారికి జోడీ, మేరీ అనే మారుపేర్లు ఇచ్చింది. మేరీ ప్రాణం జోడీ గుండె మీదనే ఆధారపడి ఉన్నది. విడదీస్తే మేరీ మరణం తథ్యం. విడదీయకపోతే కొన్ని నెలలలో ఇద్దరూ మరణిస్తారని వైద్యులు చెప్పారు. మాల్టాలోని గోజో ద్వీపం నుంచి వచ్చిన తల్లిదండ్రులు ఒక బిడ్డ కోసం మరొక బిడ్డను చంపుకోలేమని, దైవేచ్ఛకే వదలుతామని అన్నారు. అప్పీలు న్యాయస్థానం శస్త్రచికిత్సకు అనుమతించింది. నవంబరులో అది జరిగింది. మేరీ మరణించింది, జోడీ జీవించింది.

మరి సనాతన ధర్మం ఏమి చెబుతుంది? సూటియైన విధివాక్యం లేదు. ఐతరేయ బ్రాహ్మణంలోని శునశ్శేపోపాఖ్యానం మాత్రం ఒక హెచ్చరిక చేస్తుంది. హరిశ్చంద్రుని యాగపశువుగా ఒక కుమారుని అమ్మవలసి వచ్చినప్పుడు తండ్రి అజీగర్తుడు పెద్దవానిని దాచుకున్నాడు, తల్లి చిన్నవానిని దాచుకున్నది. నడిమివాడైన శునశ్శేపుడు నూరు గోవులకు అమ్ముడుపోయాడు. దేవతల అనుగ్రహంతో బంధవిముక్తుడైన తరువాత తండ్రి పిలిచినా అతడు తిరిగి వెళ్ళలేదు, విశ్వామిత్రుని పుత్రుడయ్యాడు. సంతానాన్ని స్వత్వంగా భావించి విలువ కట్టిన తండ్రికి పితృత్వమే నశించిందన్నది ఆ కథలోని సారం. తల్లిదండ్రులు బిడ్డల ప్రాణాలకు యజమానులు కారు, న్యాసధారులు మాత్రమే. ఇద్దరిలో ‘ఎవరు మేలు’ అని ఎంచే అధికారం వారికి లేదు.

దీనికి ప్రతిగా మహాభారత ఆదిపర్వంలోని ఏకచక్రపుర వృత్తాంతాన్ని చూడవచ్చును. బకాసురునికి ఒకరిని పంపవలసిన వంతు వచ్చినప్పుడు ఆ బ్రాహ్మణ గృహంలో తండ్రి తాను వెళ్తానన్నాడు, తల్లి తాను వెళ్తానన్నది, కుమార్తె తాను వెళ్తానన్నది, పసిబాలుడు సైతం గడ్డిపుల్ల పట్టుకొని రాక్షసుని చంపుతానన్నాడు. ప్రతి ఒక్కరూ తమను తాము అర్పించుకొనబోయారు. ఎవరూ మరొకరిని అర్పించలేదు. ధర్మసూక్ష్మం ఇక్కడ ఉన్నది. త్యాగం స్వవిషయంలోనే త్యాగం. పరుల విషయంలో అదే హింస.

ఈ దృష్టితో చూచినప్పుడు రెండు సందర్భాలను వేరు చేయక తప్పదు. కలిసి ఉండియే ఇద్దరూ జీవించగలిగినప్పుడు, ఒకరిని కోల్పోయే ప్రమాదంతో విడదీయడానికి తల్లిదండ్రులు నిరాకరించడం పిరికితనం కాదు, ధర్మమే. ‘సాధారణంగా’ కనిపించడం పురుషార్థాలలో ఒకటి కాదు. వీణా–వాణి ఉత్తీర్ణులైన పరీక్షలే దీనికి నిదర్శనం. కలిసి ఉండడమే ఇద్దరికీ మృత్యువైనప్పుడు మాత్రం, రక్షింపగల ప్రాణాన్ని రక్షించే చికిత్సకు అంగీకరించడం దోషం కాదు. అక్కడ సంకల్పం ఒకరిని చంపడం కాదు, రక్షణ. అయినా ఆ అంగీకారం విజయంగా కాక దుఃఖంగానే మిగలవలెను. మరణించిన శిశువును ‘భాగం’గా కాక బిడ్డగా తలచి, పేరుతో సంస్కారం చేయవలెను.

జీవులు ప్రాప్తవయస్కులైన పిమ్మట నిర్ణయం వారిదే. ఇరానుకు చెందిన లాదన్, లాలే బిజానీ సోదరీమణులు 29 ఏళ్ళ వయస్సులో ప్రమాదమెరిగియే సింగపూరులో శస్త్రచికిత్స కోరారు. 2003 జూలైలో ఇద్దరూ మరణించారు. ఫలితం విషాదమైనా ఆ సంకల్పం వారి స్వంతం. పొరుగున ఒడిశాలోని కంధమాల్‌కు చెందిన జగా, కలియా అనే బాలురను 2017లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు రెండు దశలలో విడదీశారు. ఇరువురూ బ్రతికి స్వరాష్ట్రం చేరారు, 2020లో కలియా కన్నుమూశాడు. విడదీయడం కథకు ముగింపు కాదని, సంరక్షణ అనే దీర్ఘవ్రతానికి ఆరంభమని ఈ ఉదంతం చెబుతుంది.

ఒక ఆక్షేపం రావచ్చును: బిడ్డలను ప్రభుత్వ గృహంలో ఉంచిన తల్లిదండ్రులు తమ ధర్మాన్ని విడిచినట్లు కాదా? ఈ ఆక్షేపం చేసేవారు ఏకచక్రపుర కథ ముగింపును మరువరాదు. ఆ కుటుంబ సంకటం వారిలో వారి చర్చ వల్ల తీరలేదు. పొరుగున ఉన్న కుంతి లోపలికి వచ్చి, ఆ భారాన్ని తనదిగా స్వీకరించి, స్వపుత్రుడైన భీముని పంపినప్పుడే తీరింది. అసాధ్యమైన ఎంపిక తరచు పేదరికం నుంచి పుడుతుంది. నిత్యం ఇద్దరు సహాయకులు, సమీపంలో వైద్యం, తగిన గృహం ఉంటే ఇంటికి తెచ్చుకొనే తల్లి, అవి లేనందువల్లనే దూరంగా ఉంచుతుంది. 2013లో పాట్నాకు చెందిన సబా, ఫరా అనే కవలల విషయంలో సుప్రీంకోర్టు, కుటుంబం వద్దన్న శస్త్రచికిత్సను బలవంతపెట్టక, నెలకు 5,000 రూపాయలు ఇవ్వవలెనని బిహార్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. మొత్తం స్వల్పమే అయినా మార్గం సరియైనది. ఎంపికను కుటుంబానికి వదలి, భారాన్ని సమాజం పంచుకోవడం ఆ మార్గం.

కనుక ‘ఆ తల్లిదండ్రులు ఏమి చేయవలెను’ అని అడిగే ముందు భక్తుడు ‘ఈ వీధిలో కుంతి ఎవరు’ అని ప్రశ్నించుకొనవలెను. అన్నదానానికి, కల్యాణోత్సవానికి విరాళాలిచ్చే చేతులకు ఒక రోగి సంరక్షకురాలి జీతం మోయలేని బరువు కాదు. సర్వభూతములలో అవిభక్త తత్త్వాన్ని చూడగోరే సాధకునికి, అవిభక్త దేహంలో ఇద్దరు వ్యక్తులను ఇద్దరుగా గుర్తించి, ఇద్దరినీ పేరు పెట్టి పిలవడం తొలి మెట్టు. ఆ మెట్టు ఎక్కకుండా పలికే అద్వైతం వాగద్వైతమే.