కథ చదివాక వాక్యం తెరవండి



మన క్రిస్మస్ నాటకాల్లో ముగ్గురు జ్ఞానులు పశువుల పాకలో మోకరిస్తారు. మత్తయి సువార్త 2వ అధ్యాయంలో వారి సంఖ్య లేదు. వారు వచ్చింది ఇంటికి. మూడు అన్నది కానుకల లెక్క: బంగారం, సాంబ్రాణి, బోళం.

లూ వాలెస్ 1880లో వెలువరించిన ‘బెన్ హర్’ నవల కూడా ముగ్గురు జ్ఞానుల కలయికతోనే మొదలవుతుంది. అయినా, ఆ రచన కోసం చేసిన అధ్యయనమే తనను విశ్వాసానికి నడిపించిందని ఆయన చెప్పుకున్నారు.

లేఖనం మౌనం వహించిన చోట రచయిత ఊహించవచ్చు. మాట్లాడిన చోట మార్చకూడదు. ఎందుకంటే, విన్న కథే వాక్యంగా మనసులో నిలిచిపోతుంది. బెరయ పట్టణవాసులు అపొస్తలుడైన పౌలు బోధనే లేఖనాలతో సరిచూసుకున్నారు. ఈ సంచికలోని కథలనూ అలాగే చదవండి.

— సంపాదకుడు